కప్ప గెంతుతూనే ఉంది

బుధవారం, మార్చి 11

అక్కయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమమని రాయబోయి, ఆ మాట దగ్గరే కలం ఆపాను. ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే మాట మార్చేస్తాను. అందుకే ఈ ఉత్తరం, మీ ఆస్పత్రికే వస్తున్న పక్కింటావిడ చేత పంపుతున్నాను.

మా బుడంకాయ కోసం మీ ఫిజియోథెరపీ గది నుంచి నువ్విచ్చిన ఆట బాగానే నడుస్తోంది. బెల్టు కట్టిన మోకాలు మడిచినప్పుడల్లా తెర మీద కప్ప గెంతుతుంది. నిన్న రెండు వందల పది గెంతులు! నీ మరిదైతే ఆఫీసులో కనబడ్డవాళ్లందరికీ ఆ లెక్క చూపించి, కూతురు రేపో మాపో పరుగుపందెంలో దిగుతుందని కోతలు కోస్తున్నారు. ఆ లెక్కలు నీ కంప్యూటర్‌కీ చేరుతున్నాయి కదా. అవి చూసే, ఇంట్లోనే బాగా చేస్తోంది, ఇక వారం వారం తీసుకురానక్కర్లేదని నువ్వు కబురుపెట్టావు.

అప్పట్నించీ నువ్వు దాని కాలు చూడలేదక్కా. మెట్ల మీంచి పడి తొడ విరిగినప్పుడు నువ్వే చెప్పావు, ఎముక అతికినా రోజూ వంచకపోతే మోకాలు బిగుసుకుపోతుందని, అప్పుడు మత్తిచ్చి వంచాల్సి వస్తుందని. ఇప్పుడది కుర్చీలో కూర్చుంటే ఆ కాలు కర్రలా చాచుకునే ఉంటోంది. పోయిన నెల తన మేజోడు తనే వేసుకునేది. ఇప్పుడు చెయ్యి అందక నన్ను పిలుస్తోంది. మొన్న స్నానం చేయిస్తూ కాస్త వంచబోతే లోపల చెక్కముక్కలా ఏదో అడ్డుపడింది.

పిల్ల మాత్రం ఏడవడం లేదు. అదే నాకు భయంగా ఉంది. మంచం మీద పడుకుని, కప్ప ఇవాళ ఎన్ని గెంతిందని అడుగుతుంది. చెబితే చప్పట్లు కొడుతుంది.

సోమవారం డాక్టరుగారు ఆ లెక్కలు చూసి, కాలికున్న ఊత పట్టీ తీసేసి దాన్ని మెట్లెక్కిస్తారట. ఈలోగా ఒక్కసారి ఇంటికి రా. లెక్కలు పక్కన పెట్టి, నీ చేత్తో ఆ కాలు పట్టుకుని చూడు. నన్నేమన్నా పడతాను.

ఇట్లు,
నీ చెల్లి

తాజా కలం: మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. మొదటి వారంలో ఒకరోజు బెల్టు కట్టగానే బుడంకాయ నొప్పికి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఒక్కరోజుకే కదా అని నా మోకాలికి కట్టుకున్నాను. ఆ లెక్క చూసి నువ్వు శభాష్ అన్నావు. మర్నాడు తగ్గితే అడుగుతావని మళ్లీ కట్టుకున్నాను. ఇరవై రెండు రోజులైంది. నాన్నకి చెప్పనులే అని పిల్ల నాకే ధైర్యం చెబుతోంది. ఆ గెంతులన్నీ నావేనక్కా. ఒక్కటి కూడా దానిది కాదు.