గేటు స్తంభం మీద గీత

పార్కు గేటు దగ్గర టికెట్లిచ్చే అన్నయ్యగారికి,

నమస్కారం. ఆదివారం ఆదివారం పిల్లల రైలెక్కడానికి వచ్చే ఎర్ర గొడుగు పిల్ల తల్లిని. మీరు దాన్ని "గొడుగమ్మా" అని పిలిచేవారు. నాకు చదువు తక్కువ, తప్పులుంటే ఏమనుకోకండి.

స్తంభం మీద పచ్చగీత దాటని పిల్లలకి టికెట్ అక్కర్లేదు కదా. అందుకని గేటు దగ్గరికి రాగానే మోకాళ్లు వంచమని దాని భుజం నొక్కేదాన్ని. మీరు చూసీ నవ్వి ఊరుకునేవారు. దానికి మాత్రం తల కొట్టేసినట్టుండేది. పోయినసారి నా చెయ్యి విదిలించుకుని నిటారుగా నిలబడింది.

"మావయ్యా, ఇప్పుడు సరిగ్గా కొలువు" అంది.

మీరు స్తంభం మీద దాని తలెత్తున పెన్సిల్‌తో గీసి, "ఇంకా రెండు వేళ్లు తక్కువే గొడుగమ్మా! వేసవి సెలవులకి నువ్వూ టికెట్ కొందువుగానిలే" అన్నారు. అది ఇంటిదాకా గెంతుతూనే వచ్చింది. అన్నాళ్లూ దాన్ని ఊరికే వంచానని నాకప్పుడు తెలిసింది.

ఆ మంగళవారమే జ్వరం వచ్చిందన్నయ్యా. తొమ్మిదో రోజున నా ఒళ్లోనే పోయింది.

నిన్న బస్సులోంచి చూశాను, గేటుకి రంగులు వేస్తున్నారు. స్తంభం దాకా ఇంకా రాలేదు. ఆ పెన్సిలు గీతని వదిలెయ్యమని చెప్పండి. మాది అద్దిల్లు. గోడ మీద ఎత్తు గీసుకుంటానని అది అడిగితే, ఓనరు ఊరుకోడని ఒకసారి కొట్టాను కూడా. అది ఎంత పెరిగిందో చెప్పడానికి ఆ గీత తప్ప నాకింకేం లేదు.

అలా కుదరదంటే, రంగు పడేలోగా నేల నుంచి గీత దాకా ఒక తాడు కొలిచి ఉంచండి. నేనే వచ్చి తీసుకుంటాను. మడత పెట్టకుండా, నిలువుగా పట్టుకునే ఇంటికి తీసుకెళ్తాను. ఈసారి ఎక్కడా వంచను.

ఇట్లు,
మీ గొడుగమ్మ తల్లి