రామాంజనేయులు ప్యాంటుకు హద్దులు

గుంటూరు నగరంలో సొంత ఇంట్లో కాపురముంటూ, అదే ఇంటి కింది భాగంలో జీన్సు ప్యాంట్లు కుట్టి అమ్ముకుని బతుకుతున్న షేక్ మొహిద్దీన్ బాషా అను నేను, వయసు యాభై తొమ్మిది, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో, స్థిమితమైన మనసుతో నా తదనంతరం జరగవలసిన వాటి గురించి రాయించుకుంటున్న కాగితం ఇది. "స్థిమితమైన మనసు" అన్న మాట మా లాయరు రహిమున్నీసా గారు పెట్టించారు. తెలివి వరకు నేను పూచీ పడతాను. మనసు సంగతి కింద నాలుగో నిబంధన చదివాక ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

వచ్చే సోమవారం నా గుండెకు ఆపరేషన్. వాల్వు ఒకటి పాడైందట, కొత్తది వేస్తారట. భయమేమీ లేదని డాక్టరు గారు చెప్పారు. అదే మాట ఆయన రెండోసారి చెప్పినప్పుడు నేను వీలునామా రాయాలని నిశ్చయించుకున్నాను.

1. ఇల్లు, షాపు, కుట్టు మిషన్లు, బ్యాంకులో ఉన్నది: వీటిలో నా భార్య నసీమున్నీసాకు ఎంత, కొడుకు అఫ్రోజ్‌కు ఎంత, కూతురు షిరీన్‌కు ఎంత అన్నది మా షరీయత్తు ముందే తేల్చి పెట్టింది. అందులో నేను వేలు పెట్టను, పెట్టినా చెల్లదు. నా ఇష్టం వచ్చినట్టు రాసుకోగలిగేది ఆస్తిలో మూడో వంతుకు మించకూడదు, అదీ వారసులు కానివాళ్లకే. అంటే మాకు వీలునామా ఉన్నదే పరాయివాళ్ల కోసం. లాయరు గారు ఈ మాట చెప్పగానే నా కళ్ల ముందుకు వచ్చిన పరాయివాడు ఒక్కడే. అతని పేరు రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు కనుక ముందు మిగతావాళ్ల సంగతి కానిస్తాను.

2. షిరీన్‌కు మా నాన్న కత్తెర. ఆయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ కత్తెరతోనే నేను మొదటి ప్యాంటు కోశాను. వారసులకు వీలునామాలో రాస్తే పేచీ వస్తుందన్నారు కాబట్టి దీన్ని నిన్ననే షిరీన్ చేతికి ఇచ్చేశాను. ఇక్కడ రాయడం అందరికీ తెలియడానికి. షాపు నడిపేది షిరీనే కనుక రహిమున్నీసా గారితో కలిసి ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆ పిల్లదే.

3. ఎదురు షాపు మాలిక్‌కు, నా గోడ మీదున్న "ఒకే ధర, బేరము లేదు" అన్న బోర్డు. మాలిక్ షాపు ముందు "తగ్గింపు ధరలకు నేడే ఆఖరు" అన్న గుడ్డ బ్యానరు ఉంటుంది. ఆ ఆఖరు రోజు కొన్నేళ్లుగా నడుస్తోంది, జనం రోజూ ఈ రోజే ఆఖరన్నట్టు ఎగబడుతున్నారు. బేరం లేదని బోర్డు పెట్టిన షాపు గడప మన ఊళ్లో ఎవరూ తొక్కరని నసీమున్నీసా మొదటి రోజే చెప్పింది. నేను వినలేదు. మాలిక్ ఈ బోర్డు తన షాపులో తగిలించుకోవాలన్నది షరతు కాదు, నా కోరిక.

4. ఇక మార్టూరు నివాసి, లారీ యజమాని రామాంజనేయులు, అతని ప్యాంటు.

ముందు గుడ్డ సంగతి చెప్పాలి. పచ్చి డెనిమ్ అని ఒకటుంది. మగ్గం దిగాక దాన్ని ఉతకరు, మెత్తబరచరు. మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు నసీమున్నీసా వేలితో తట్టి చూసి, "ఇది ప్యాంటా, పలకా?" అంది. దాని మీద మోజున్న కుర్రాళ్లు నెలల తరబడి ఉతక్కుండా తొడుగుతారు. తొడిగినవాడు ఎలా కూర్చుంటే, ఎలా వంగితే, ఆ ఒరిపిడిని బట్టి నీలం పోయి అడుగున ఉన్న తెలుపు బయటపడుతుంది. మన భాషలో రంగు పోయినా వెలిసిందంటారు, పుట్టలోంచి దేవుడు బయటపడినా వెలిశాడంటారు. ముప్పై ఏళ్లు నా షాపుకి వచ్చినవాళ్లు "ఏవయ్యా, రంగు వెలిసిపోయింది" అని మొదటి అర్థంలో తిట్టిపోశారు. ఇప్పటి కుర్రాళ్లు "అంకుల్, ఇది ఎన్నాళ్లకు వెలుస్తుంది?" అని రెండో అర్థంలో భక్తిగా అడుగుతున్నారు.

ఆ మోజు నాకూ పట్టింది. అహ్మదాబాదు మిల్లు నుంచి అంచున ఎర్ర గీత ఉన్న తాను ఒకటి తెప్పించాను. మంగళగిరి చీరను అంచు చూసి కొన్నట్టే ఈ గుడ్డనూ అంచు చూసి కొంటారు. అందులోంచి పక్కపక్క ముక్కల్లో రెండు ప్యాంట్లు కోశాను. ఒకటి నాకు, ఒకటి అమ్మకానికి. అమ్మకానికి కోసినదాని కాళ్ల అంచు మడిచి కుడుతుంటే గుడ్డ జారి కుట్టు మెలిక తిరిగింది. విప్పి మళ్లీ కుట్టే ఓపిక లేక గుమ్మం పక్కన తగ్గింపు కుప్పలో పడేశాను.

రామాంజనేయులు దాన్ని ఆ కుప్పలోంచే లాగాడు. మార్టూరు నుంచి గ్రానైటు పలకలు, పిడుగురాళ్ల నుంచి సున్నం, సీజన్లో మిర్చి కుక్కిన టిక్కీ బస్తాలు తోలే మనిషి, గట్టి ప్యాంటు కావాలన్నాడు. "ఏంది భాయ్ ఈ అంచు, పాము మెలిక తిరిగినట్టుంది? సగానికియ్యి" అన్నాడు. సగానికి ఒప్పుకున్నాక "అందులో సగం చేసుకో" అన్నాడు. బేరం లేదన్న బోర్డు కిందే నిలబడి ఇంత బేరమూ ఆడాడు. ఇచ్చి పంపి, పీడ వదిలిందనుకున్నాను.

నేను నా ప్యాంటును శాస్త్రం ప్రకారం తొడిగాను. ఉతకలేదు. ఎండ తగలనివ్వలేదు. తిరగేసి నీడన ఆరేశాను. నాలుగేళ్లు దాన్ని పసిపిల్లను సాకినట్టు సాకాను. రోజంతా మిషను ముందు కూర్చుని కుట్టేవాణ్ణి కనుక అది కూర్చునే చోట మాత్రమే వెలిసింది. ముందు నుంచి చూస్తే నిన్న కొన్న ప్యాంటు. వెనక్కి తిరగమని అడిగి, షిరీన్ నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రామాంజనేయులు తన ప్యాంటు కాళ్ల సందున చిరిగిందని రిపేరుకి తెచ్చాడు. బల్ల మీద పరిచాను. పరవకపోయినా బాగుండేది. తొడల మీద మీసాల్లాగా తెల్లటి గీతలు. మోకాళ్ల వెనక తేనెపట్టు గళ్లు, క్లచ్ తొక్కే ఎడమ కాలికి ఎక్కువ, కుడి కాలికి తక్కువ. తాళాల గుత్తి వేలాడిన చోట ఒక నెలవంక. గ్రానైటు పొడి రాసుకుని రాసుకుని గుడ్డంతా పొద్దుటి ఆకాశం రంగుకి వచ్చింది. అతను ఒక్క నియమమూ పాటించలేదు. వాళ్లావిడ సబ్బు పెట్టి బండకేసి బాదిందట! నా ఒళ్లు భగ్గున మండింది. ఇప్పుడు రాస్తుంటే మళ్లీ మండుతోంది.

షిరీన్ దాన్ని ఫోటో తీసి, "మార్టూరు లారీలో వెలిసింది" అని రాసి షాపు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి కుర్రాళ్లు చూడటానికి వచ్చారు. తొడిగిందెవరని అందరూ అడిగారు. కుట్టిందెవరని ఒక్కడూ అడగలేదు. ఆఖరికి నసీమున్నీసా కూడా ఆ మోకాళ్ల దగ్గర తడిమి చూసి, "మనిషి కష్టం కనపడుతోందండీ దీంట్లో" అంది. నలభై ఏళ్లుగా మిషను తొక్కుతున్నవాణ్ణి పక్కన నిలబెట్టుకుని అంది. మరి నా కష్టం ఎక్కడ కనపడాలి? నేను పడ్డ కష్టమంతా ఊళ్లోవాళ్ల ఒంటి మీద తిరుగుతోంది. నా దగ్గర మిగిలింది ఆ వెనక మచ్చ ఒక్కటే.

చిరుగు ఆ రోజే కుట్టేశాను. ప్యాంటు మాత్రం ఇవ్వలేదు. అతను వచ్చినప్పుడల్లా రేపు రమ్మన్నాను. దర్జీవాడు రేపంటే ఎవరికీ అనుమానం రాదు. రెండేళ్లుగా అతను వస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ నసీమున్నీసా "కూర్చోండన్నా" అని స్టూలు జరిపి, చుట్టాల కోసం దాచిన పింగాణీ కప్పులో టీ ఇస్తుంది. నాకు స్టీలు గ్లాసు. ఇద్దరూ మిర్చి ధర గురించి నవ్వుకుంటూ మాట్లాడుకుంటారు. ఆ నవ్వులు వినపడకుండా నేను మిషను గట్టిగా తొక్కుతాను.

కావున సదరు ప్యాంటును నా సొత్తుగా ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. గుడ్డ నాది, కోత నాది, దారం నాది, కుట్టు నాది. రామాంజనేయులువి కాళ్లు మాత్రమే. ఆస్తికి హద్దులు: ఉత్తరం, రాగి గుండీ ఉన్న నడుం పట్టీ. దక్షిణం, మెలిక తిరిగిన కాళ్ల అంచులు. తూర్పు, తాళాల గుత్తి మచ్చ. పడమర, ఫోను పెట్టుకునే జేబు. ఈ నాలుగు హద్దుల మధ్య గల నీలము, తెలుపు యావత్తూ షాపులో అద్దాల బీరువాలో ఉంచి, కింద "కుట్టినవాడు మొహిద్దీన్ బాషా" అని మాత్రమే రాయవలెను. తొడిగినవాడి పేరు అక్కర్లేదు.

పై పేరా చదివి రహిమున్నీసా గారు కళ్లజోడు తీసేశారు. "రిపేరుకిచ్చిన వస్తువు ఇచ్చినవాళ్లదే అవుతుంది బాషా గారూ. మీది కానిది మీరెలా రాస్తారండీ?" అన్నారు. కొట్టేయమన్నారు. నేను కొట్టేయనన్నాను. ఆ కాగితం అలాగే పెట్టి ఆవిడ వెళ్లిపోయారు.

5. నా ప్యాంటు అఫ్రోజ్‌కు. వాడు ఒంగోలు బ్యాంకులో పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగం చేస్తున్నాడు కనుక దాని పద్ధతికి సరిపోతాడు. దీన్నీ వాడి చేతికే ఇచ్చేశాను, మొహమాటానికి తీసుకున్నాడు. నసీమున్నీసాకు పెళ్లైన కొత్తలో ఒక జీన్సు ప్యాంటు కుట్టిచ్చాను. తలుపులు వేసుకుని ఒక్కసారి తొడిగి చూపించింది. తర్వాత దాన్ని కోసి కూరగాయల సంచి చేసుకుంది. ఇన్నేళ్లు భుజాన మోసిన ఆ సంచి కూడా నా ప్యాంటు కన్నా అందంగా వెలిసింది. సంచి ఆవిడ సొంతం, అందులో ఎవరికీ భాగం లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నాకు కూడా ఆ పింగాణీ కప్పులో టీ ఇవ్వాలని ఆవిడకు నా మనవి. ఇది చట్ట ప్రకారం చెల్లే మాట కాదని తెలుసు.

6. ఇంతవరకు రాసి పెట్టాక, మొన్న మంగళవారం రామాంజనేయులు వచ్చాడు. నా ఆపరేషన్ సంగతి ఎవరో చెప్పారట. లారీ నల్లపాడు దగ్గర ఆపి, ఆటో ఎక్కి వచ్చాడు. ఆసుపత్రికి పోయేవాడి దగ్గర తన వస్తువు ముందే తీసుకోవాలని ఎవరికైనా ఉంటుంది. ప్యాంటు కోసమే వచ్చాడనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. అతను ప్యాంటు ఒకసారి చూపించమన్నాడు. బీరువాలోంచి తీశాను. కాళ్ల అంచు పట్టుకుని నా వైపు తిప్పాడు. "ఇదిగో, ఈ మెలిక కాడ చూడు భాయ్. తాడు పేనినట్టు ఎట్టా వెలిసిందో! కుర్రోళ్లు దీన్నే దగ్గరగా ఫోటోలు తీస్తన్నారంట, మీ పాప చెప్పింది. తొడలూ మోకాళ్లూ లారీ తోలే ఎవడికైనా ఇట్టాగే వెలుస్తయ్. ఈ అంచు నీ చేతిది గదా" అన్నాడు. కుట్టు జారితే తగ్గింపు కుప్పలో వేసిన అంచు అది.

తర్వాత నెమ్మదిగా, "చిరుగు ఎప్పుడో కుట్టేశావని మీ ఆవిడ నాకు అప్పుడే చెప్పింది లే. చూసుకోనీలే అని ఊరుకున్నా. నువ్వు ఆపరేషన్ చేయించుకుని లేచి రా. మళ్లీ రేపు రమ్మను, వస్తా" అన్నాడు.

ఇన్నాళ్లూ తెలిసే వచ్చాడు. తెలిసే టీ తాగి వెళ్లాడు. రంగు అతనికే వెలిసింది, కప్పు అతనికే దక్కింది, ఇప్పుడు మంచితనం కూడా అతనికేనా? ప్యాంటు కవర్లో పెట్టి చేతికిచ్చేశాను. మొహమాటానికైనా ఒకసారి వద్దంటాడనుకున్నాను, అనలేదు. కాబట్టి నాలుగో నిబంధనలోని హద్దులు ఇకపై చెల్లవు. కొట్టివేత మాత్రం వద్దు, అంత కోపంగా నేను మళ్లీ రాయలేను.

7. ఆ తానులో నాకోసం దాచుకున్న ముక్క ఒకటి ఉంది. ఈ రెండు రోజులూ ఆయాసపడుతూనే కూర్చుని, దాన్ని రామాంజనేయులు కొలతకు కుట్టాను. నాకు ఇదే ఆఖరి ప్యాంటు కావచ్చు. ఇన్నేళ్లు కుట్టినవాడికైనా మాలో చివరికి చుట్టేది కుట్టు లేని తెల్లగుడ్డే. కొత్త ప్యాంటు అట్టలా నిలబడి ఉంది, ముట్టుకుంటే వేళ్లకు నీలం అంటుకుంటోంది. నా మరణానంతరం దీన్ని, నాకు హక్కున్న మూడో వంతులోంచి, రామాంజనేయులుకు సర్వహక్కులతో ఉచితంగా దఖలుపరుస్తున్నాను. ఉచితం కనుక బేరమాడే వీలు లేదు. వాళ్లావిడ బండకేసి బాదినా నా తరఫున అభ్యంతరం లేదు. నాలుగైదేళ్లకు ఇది పాతదాన్ని మించి వెలుస్తుందని నాకు తెలుసు. అది చూడటానికి నేను ఉండను. ఉండను కనుకనే ఇవ్వగలుగుతున్నాను.

8. నేను బతికి ఇంటికి వస్తే ఏడో నిబంధన రద్దు. ఆ ప్యాంటు నాకు పట్టదు, అయినా నా బీరువాలోనే ఉంటుంది. అతని కాళ్ల మీద అది రోజురోజుకూ వెలుస్తుంటే చూస్తూ కూర్చునే గుండె నాకు లేదు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. బతికున్నంత కాలం దీన్ని మార్చుకునే హక్కు నాకుంది, మార్చుకుంటాను కూడా.

సంతకం పెట్టే ముందు రహిమున్నీసా గారు చివరి రెండు నిబంధనలనూ ఫోన్లో రామాంజనేయులుకు చదివి వినిపించారు. ఈ కాగితంలో పేరున్న వాళ్లందరిలో, నేను బతికితే నష్టపోయేది అతనొక్కడే. అతను ఫోను నాకిమ్మన్నాడు. తర్వాత, "అయితే ఆ ప్యాంటు నాకు రాకూడదు భాయ్. సోమవారం లారీ ఆపేసి ఆసుపత్రి కాడికొస్తన్నా" అని ఫోను పెట్టేశాడు. నేను బతకాలన్న మాట కూడా నాకన్నా ముందు అతనే అన్నాడు.

గుంటూరు,
2025 ఫిబ్రవరి 20, గురువారం.

(సంతకం) షేక్ మొహిద్దీన్ బాషా

మా ఎదుట చదివి వినిపించగా సంతకం చేశారు. ఆ సమయంలో ఆయన తెలివిగానే ఉన్నారు, కోపంగా కూడా ఉన్నారు.

సాక్షులు:
1. షేక్ ఇషాక్, జిప్పులు, గుండీల వ్యాపారం, గుంటూరు.
2. గోపాలకృష్ణ, చేనేత చీరల వ్యాపారం, మంగళగిరి.