తారుమారైన పుటలు

మరియెమక్కకు, అల్లా దయవల్ల తింబక్తులో అందరం కులాసా.

మా వసారాలో పాఠం చెప్పే హమ్మదూన్ గురువుగారి గ్రంథానికి కుట్టు లేదు. నేను దుమ్ము దులుపుతుంటే పుటలు చెదిరాయి. పుట అడుగున రాసి ఉండే తరువాతి పుట మొదటి మాట చూసుకోకుండా, తోచినట్టు పేర్చేశాను. మర్నాడు నిఖా నియమాల మధ్యలో, పళ్లు చూసి ఒంటెను కొనమని వచ్చింది.

"పెళ్లికూతురి పళ్లు కూడా చూడాలా, గురువుగారూ?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"ముసలివాణ్ణయ్యాను నాయనా, మతి తప్పుతోంది. ఇక పాఠం చెప్పలేను" అని ఆయన లేచిపోయారు. తెర వెనక నేను నోరు విప్పలేదు. అప్పటినుంచి నమాజుకు నిలబడాలన్నా సిగ్గుగా ఉంది.

ఈ చీటీ పడవవాడికిచ్చి నేరుగా ఆయన ఇంటికే వెళ్తున్నాను. నాకోసం దువా చేయి. అమ్మ మోకాలు ఎలా ఉంది? ఇది మాత్రం ఆమెకు చదివి వినిపించకు. కూతురికి చదువొచ్చని ఆమె ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది.

పిల్లలకు దీవెనలు.

నీ చెల్లెలు సఫియతు