చుక్క రెండో ఈత దూడ

పొందూరు మండలం గొల్లవలసలో కాపురముంటున్న, కీర్తిశేషులు తంగి నూకయ్య భార్య తంగి కూర్మమ్మ అనే నేను, వయసు డెబ్బై ఆరు, కొడుకు ధర్మేంద్ర, కోడలు ఈశ్వరిలతో ఉంటూ, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయించిన వీలునామా. నాకు చదువు రాదు. మతి మాత్రం నిలకడగా ఉంది.

1. ఇల్లు, మెట్ట భూమి నా తదనంతరం ధర్మేంద్రవి. ఇందులో తగువు లేదు.

2. తగువంతా దూడ గురించే. నా ఆవు చుక్కను మా వీధి గున్నమ్మకు పాలికిచ్చాను. ఆవు నాది, మేపేది ఆమె. మొదటి ఈత దూడ నాకు, రెండోది ఆమెకు, మూడోది మళ్లీ నాకు. మొదటిది నేను తీసుకున్నాను. రెండో ఈతకు ధర్మేంద్ర పశువుల డాక్టరును తీసుకొచ్చి, మేలైన గిర్ ఆవు పిండాన్ని చుక్క కడుపులో పెట్టించాడు. అప్పటినుంచి వాడిది ఒకటే పాట: "సుక్క మోసిందంతేనే అమ్మా. పిండం మనం తెప్పించినాం. దూడ గున్నమ్మప్పదెలాగవుతాది?"

"ఒరే, మేతెవలేసినారు? కుడితెవలెట్టినారు? ఆ పిండం గాలి తిని పెరిగిందేటి?" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. గున్నమ్మ ఆ మాటలన్నీ విని కూడా చుక్కకు ఒక్క పూట మేత తగ్గించలేదు.

3. మొన్న సోమవారం చుక్క ఈనింది. దూడ కాలు లోపల మడతపడితే తల్లి దక్కదనుకున్నాం. గున్నమ్మ చుక్క తల పట్టుకుంది, డాక్టరు కాలు సరిచేశాడు, ధర్మేంద్ర లాగాడు. పెయ్యదూడ. ఎర్రటిది, చెవులు ఇంతేసి వేలాడుతున్నాయి. చుక్క లేచి నాకింది. ధర్మేంద్ర గోనెపట్టా తీసి గున్నమ్మకు అందించి, "నీ దూడప్పా, నువ్వే తుడు" అన్నాడు. ఇన్నాళ్ల నా బెంగ అక్కడ తీరింది.

4. కాబట్టి ఆ పెయ్య గున్నమ్మది. పిండం ఎక్కడిదైనా ఈత చుక్కది. నేను పోయాక మాట మారకుండా, నిన్న నలుగురి ముందు ధర్మేంద్ర చేతనే పలుపు గున్నమ్మ చేతికి ఇప్పించాను. పాలు మరిచేదాకా దూడ తల్లి దగ్గరే ఉండాలి. మూడో ఈత దూడ, ఏ సూదితో పుట్టినా, ధర్మేంద్రది.

5. మా మరిది సోములుకు ఏమీ లేదు. "ఎద్దు లేకండా దూడేటే వదినా" అని ఊరంతా నవ్వించాడు. వచ్చి దూడను చూసి పోవచ్చు. జున్ను అడగకూడదు.

6. నా పొందూరు చీర ఈశ్వరికి. ఉతికిన కొద్దీ మెత్తబడింది. కట్టుకోవాలి గాని పెట్టెలో దాచకూడదు. ఈ వీలునామా అమలు జరిపే పూచీ కూడా ఆమెదే. నా మాట మీద కొడుక్కన్నా ఆమెకే గురి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. ఇక నాకు దిగులు లేదు.

తేదీ: 14 నవంబరు 2025

తంగి కూర్మమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షులు: 1. పైడి త్రినాథ్ 2. గొర్లె భారతి

రాసినవారు: జగన్నాధం

విన్నాను, నాకు సమ్మతమే: తంగి ధర్మేంద్ర, కొడుకు