ఇంకా నేర్పని మాటలు

మిర్యాలగూడ

చరిత మేడం గారికి నమస్కారాలు.

ఈ శనివారం కోదాడ వచ్చి మీ ఇంగ్లీషు క్లాసులో మాట్లాడలేను, క్షమించండి. మీరు వినమన్న గాలి కాలుష్యం ప్రసంగం ఇరవై సార్లు విని, ఇంట్లో పైకి చెప్పుకున్నాను. అందులోని కొత్త పదాలన్నీ గోడ మీద సుద్దతో రాసుకున్నాను. రైసుమిల్లులో ఊక ఎత్తి వచ్చిన అమ్మ, దగ్గుతూనే నా ప్రసంగం విని చప్పట్లు కొట్టేది. దేని గురించని అడిగితే, దుమ్ము గురించని చెప్పడానికి నోరు రాలేదు. చెట్ల గురించన్నాను.

నిన్న దవాఖానలో ఇద్దరు డాక్టర్లు అమ్మ ఎక్స్‌రే చూస్తూ, మాకు తెలియకూడదని ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. మేడం, అందులో నాకు తెలియని పదం ఒక్కటీ లేదు. సగం మా గోడ మీదివే.

బయటికొచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నీకు ఇంగ్లీషు వస్తది గదా బిడ్డా, ఏమన్నరు?"

"ఆ మాటలు మేడం ఇంకా నేర్పలేదమ్మా."

అమ్మకు మీ మీద కోపమొచ్చింది. "గంత దూరం పంపిస్తుంటే ఏం నేర్పుతున్నది ఆ మేడం? నేనే ఫోన్ చేసి అడుగుత" అంది.

చేస్తుంది మేడం. నాలుగు మాటలన్నా దయచేసి ఓర్చుకోండి. ఇంకా నేర్పలేదనే చెప్పండి.

మీ విద్యార్థిని