సీసాలోని నల్లపాము

నాయనా,

నువ్వు పోయి నేటికి తొమ్మిదేళ్లు. హిందూపురం కాలేజీ ల్యాబులో నువ్వు చేసిన ఉద్యోగమే నేనూ చేస్తున్నాను. నీలాగే నాకూ సాయంత్రానికి కాళ్లు లాగేస్తున్నాయి.

ఈరోజు బెంగళూరు నుంచి పాముల మీద పరిశోధన చేసే అమ్మాయి ఒకామె వచ్చింది. పెనుకొండలో మన పేడదిబ్బ తవ్వుతుంటే నీకు చచ్చి దొరికిన ఆ చిన్న నల్లపామును సీసాలోంచి తీసి కిటికీ దగ్గర పట్టుకుంది. ఇన్నేళ్లు మందునీళ్లలో నానినా, ఎండ తగలగానే ఒళ్లంతా నీలం, పచ్చ, ఊదా మెరిసింది. "ఇది గుడ్డిపాము కాదండీ. తోక చూడండి, నరికినట్టు మొండిగా, గరుకుగా ఉంది. ఇది డాలుతోక పాముల కుటుంబం," అంది.

దాన్ని ల్యాబుకు తెచ్చిన రోజే నువ్వు చెప్పావు. "కండ్లుండాయి సార్, తోక సూడండి, ఇది గుడ్డిపాము యాడైతాది?" అన్నావు. లెక్చరర్లు నవ్వారు. అక్కడే డిగ్రీ చదువుతున్న నన్ను పిలిచి, నా రాత బాగుంటుందని చీటీ రాయమన్నారు. 'గుడ్డిపాము' అని గుండ్రంగా రాసి, నీ ముందే సీసాకు అంటించాను. ఆ పూట నువ్వు సంగటి ముట్టలేదు.

ఇవాళ ఆ చీటీని తడిపి, గోటితో గీకి, కొత్తది అంటించాను. ఇంటికొచ్చి, నువ్వు చెప్పిందే నిజమని అమ్మకు చెప్పాను. రాగిపిండి జల్లిస్తున్న అమ్మ తల ఎత్తలేదు.

"ఆ మాట ఆ పొద్దే నువ్వు అనింటే, మీ నాయన ముద్ద తినింటాడు కదమ్మా," అంది.