ఇద్దరం వెళ్ళి ఒక్కణ్ణే వచ్చాను

నా ఇల్లాలికి,

నీ పెనిమిటి ఆశీర్వదించి, ఎవరిచేతా రాయించకుండా సొంత చేత్తో రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ తమ్ముడూ ఇంత తిని తిరుగుతున్నాం. మీ అక్క కాలికి కట్టు విప్పారా? అక్కడ నువ్వూ సుఖంగానే ఉన్నావనుకుంటాను.

నువ్వు కాగితంలో అడిగినవాటికి జవాబు. మందులు వేసుకుంటున్నాను. పాలు ఒక్కసారే పొంగిపోయాయి. మీ తమ్ముడి కాపురం చెరువు నీళ్ళ దగ్గరే. ఫొటో స్టూడియో మూసేసినా కెమెరా మాత్రం మెళ్ళోంచి దించడు. ఇది మగబాతుల ముస్తాబు కాలం. తల ఆకుపచ్చ, ఎండ వాలితే ఊదా, రొమ్ము ఇటుక రంగు, రెక్కలో నీలం చార. ఆడబాతు మట్టిరంగుది, అయినా వాటి వంక కన్నెత్తి చూడదు. "అచ్చం మా అక్క నిన్ను చూసినట్టే బావా" అంటాడు. వెధవ.

వాటి ఫొటో తియ్యడానికో పద్ధతుంది, నువ్వెళ్ళాక మొదలెట్టాం. నీళ్ళ అంచున జమ్ముగడ్డితో చాటు కట్టాం. ఇద్దరం అందులోకి వెళతాం. వాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, నేను బాతులకి కనబడేలా బయటికొచ్చి ఇంటికి పోతాను. బాతులకి లెక్క రాదు. వచ్చినవాడు పోయాడనుకుని దగ్గరికొస్తాయి. లోపల మోగకుండా వాడి ఫోన్ నా జేబులో ఉంటుంది. ఎండ వాలాక మళ్ళీ వెళ్ళి చేయిచ్చి లేపాలి. ఆ మోకాళ్ళతో వాడంతట వాడు లేవలేడు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "ఆవేళ తమ్ముడికి ఫోన్ చేస్తే మీరెత్తి, ఎవరు నువ్వు అని కసిరి పెట్టేశారేం?" అని. బావ వేళాకోళమాడాడని మీ తమ్ముడు చెప్పింది అబద్ధం. ఫోన్లో చెబుదామంటే నా గొంతు వణికితే పట్టేస్తావు. అందుకే ఈ కాగితం.

ఆవేళ ఇంటికొచ్చి అన్నం తిని మంచమెక్కాను. జేబులో ఏదో మోగింది. తీసి చూస్తే ఎవరిదో ఫోన్. నాకు నిజంగా తెలియలేదే. నీ గొంతూ తెలియలేదు. పెట్టేసి వాకిట్లో కూర్చున్నాను. మసక పడుతుంటే గుమ్మం పక్కన చేతికర్ర కనబడింది. బురదలో దిగబడుతుందని వాడు వదిలి వెళ్ళింది. అప్పుడు వాడు గుర్తొచ్చాడు.

పరుగెత్తాను. మీ తమ్ముడు పీట మీంచి జారి నడుము దాకా నీళ్ళలో ఉన్నాడు. కెమెరా మాత్రం నెత్తిన పెట్టుకున్నాడు. పెదాలు నీలం.

"అరిచి అరిచి గొంతు పోయింది. ఎక్కడ చచ్చావు బావా?"

"కునుకు పట్టింది."

"నా కళ్ళలోకి చూసి చెప్పు. మర్చిపోయావా?"

వాడి చంకల కింద చేతులేసి పైకి లాగాను.

ఇంట్లో కాళ్ళు రుద్దుతుంటే, "బాతులకే అనుకున్నా, నీకూ లెక్క రాదన్నమాట" అని నవ్వాడు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు. తను చావబోయినందుకు కాదే, నన్ను చూసి ఏడ్చాడు.

వాడికి జ్వరం తగ్గింది, కంగారుపడకు. నీకు చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. నేనే మాట తప్పుతున్నాను.

నేను ఎవడికీ భయపడినవాణ్ణి కాదు. ఇప్పుడు పొద్దున్న లేవగానే కళ్ళు మూసుకుని నీ మొహం వెతుక్కుంటున్నాను, ఉందో లేదోనని. ఇవాళ ఉంది. మీ తమ్ముడు డాక్టరు దగ్గరికి పదమంటే పోట్లాడి మానేశాను. ఆయన చెప్పేది నువ్వు పక్కన లేకుండా వినలేను. అక్కని ఎవరికైనా అప్పగించి బయల్దేరు. ఇంత ఆలస్యమేమని గుమ్మంలో నిన్ను కసిరేవాడు ఇంకా ఉన్నాడు. వాడుండగానే రా.

ఇట్లు,
నీ పెనిమిటి